అగ్గువెంత? పిరమెంత?

బిల్లు చేతికిస్తూ ఆ కౌంటరులోని అమ్మాయి చిరునవ్వు నవ్వింది. బిల్లు అడుగున లావుపాటి అక్షరాలతో అచ్చయి ఉన్నది: "నేడు మీరు ఆదా చేసినది 512 రూపాయలు." మా ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో భద్రం చేసుకున్నది. నా ఎమ్మే పట్టాను కూడా ఇంట్లో ఎవరూ అంత భద్రంగా దాచలేదు.

మాది కట్టంగూర్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్‌కు ముందు వస్తుంది. కార్లలో పోయేవారికి రెండు నిమిషాలు అద్దంలో కనిపించి మాయమయ్యే ఊరు. నేను నల్లగొండలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఇంట్లోకి ఉప్పూ పప్పూ ఏది కావాలన్నా మా వీధి చివరి సేటు దుకాణమే గతి. మా నాన్న కాలంలో అక్కడే ఖాతా. నా కాలంలోనూ అక్కడే. పుస్తకం నిండిపోతే కొత్త పుస్తకంలోకి ఎక్కామే కాని దుకాణం మారింది లేదు.

అట్లాంటిది మా వీధి ఆడవాళ్ళ లెక్క 2023 డిసెంబరు 9వ తేదీతో మారిపోయింది. ఆ రోజున రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలయింది. అంతకు ముందు నల్లగొండ పోయి సరుకులు తెద్దామంటే తగ్గింపు కాస్తా బస్సు ఛార్జీలకే చెల్లయ్యేది. కండక్టరు జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టటం మొదలయ్యాక నెల మొదటి ఆదివారం నాడు నలుగురైదుగురు ఇల్లాళ్ళు సంచులు చంకన పెట్టుకుని తగ్గింపు ధరల దుకాణానికి బయలుదేరటం ఆచారమయింది. తిరుగు ప్రయాణంలో సంచులు మోయటానికి ఒక మనిషి కావాలిగదా, నన్ను తీసుకుపోయారు. ఆ యాత్రలో డబ్బిచ్చి కొన్న టికెట్టు ఒక్కటే. అది నాది.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ 512 రూపాయల మీద ఆలోచించటం మొదలుపెట్టాను. పాఠం చెప్పేవాడికి ప్రతి మాటకూ అర్థం వెతకటం ఒక జబ్బు. ఆదా అంటున్నారు సరే, దేనితో పోలిస్తే ఆదా?

మా బాపమ్మకు ఈ ప్రశ్న పుట్టుకతో తెలుసు. ఆవిడ చిన్ననాట నిజాం రాజ్యంలో రెండు రకాల రూపాయలు తిరిగేవి. ఒకటి హాలీ సిక్కా, హైదరాబాదు సర్కారువారిది. రెండవది కల్దార్, ఇంగ్లీషువారిది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. అందుకని అంగట్లో ఎవరైనా ధర చెపితే, ఎక్కువా తక్కువా అని బేరానికి దిగకముందే "హాలీయా, కల్దారా?" అని అడిగేవారట. ఏ రూపాయి లెక్కనో తెలియకుండా అది అగ్గువో పిరమో ఎట్లా చెప్పటం? 1959 నాటికి హాలీ రూపాయల చెలామణి పూర్తిగా ఆగిపోయింది. బాపమ్మ మాత్రం నా చిన్నతనంలో, 1980ల్లో కూడా, ఎవరైనా ఎక్కువ ధర చెపితే "హాలీ లెక్కన చెప్తున్నవా బిడ్డా?" అని ఎత్తిపొడిచేది.

(అగ్గువ, పిరం అనేవి కేవలం మా తెలంగాణం మాటలనుకునే పాఠకులకు చిన్న మనవి. అగ్గువ బ్రౌను దొరగారి నిఘంటువుకెక్కిన మాటే. ఇక పిరం ఎవరో కాదు, మన ప్రియమే. ఇష్టమైనదానికీ ఖరీదైనదానికీ ఒకే మాట పెట్టిన మన పూర్వులు ఎన్నిసార్లు జేబులు తడుముకుని ఉంటారో!)

సరే, ఆ దుకాణంవారి 512 ఏ రూపాయి లెక్కన? పొట్లం మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధర లెక్కన. జనం నోట ఎమ్మార్పీ. పొట్లాలలో అమ్మే సరుకుల మీద బరువూ ధరా వేయాలన్న నిబంధనలు మన దేశంలో 1977లో వచ్చాయి. అప్పట్లో చాలా పొట్లాల మీద ధర వేసి, పక్కనే "పన్నులు అదనం" అని ఒక తోక తగిలించేవారు. ఆ తోక పొడవెంతో దుకాణదారే చెప్పాలి. 1990లో ఆ తోక కోసి, అన్ని పన్నులూ కలుపుకున్న ధరే వేయాలన్నారు. ఇప్పుడు నడుస్తున్నది 2009 నాటి తూనికలు కొలతల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు. గరిష్ఠం అన్నమాటకు అర్థం అంతకు మించి అమ్మరాదని. అంతకే అమ్మాలని కాదు. కాని ఏ సరుకుకు ఎంత గరిష్ఠం వేయాలన్నది చాలావరకు తయారుచేసేవాడి చేతిలో ఉంటుంది. నూనె పాకెట్టు మీద 200 అని వేసి, ఊళ్ళో ప్రతి దుకాణంలోనూ 160కే అమ్ముతున్నారనుకోండి, అప్పుడా 40 రూపాయల తగ్గింపు ఎవరు ఎవరికి ఇచ్చినట్టు?

ఈ సంగతి తేల్చుకుందామని మర్నాడు సాయంత్రం ఆ బిల్లును జేబులో పెట్టుకుని సేటు దుకాణానికి పోయాను. ఒక్కొక్క సరుకు పేరూ చదివి, ఆయన ధర అడిగి, పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. సేటు చెప్పాడు గాని, ఎందుకు అడుగుతున్నానో మాత్రం అడగలేదు. ఆ మౌనం సంగతి తర్వాత.

లెక్క ఇట్లా తేలింది. మేము దుకాణంలో ఇచ్చిన మొత్తం 3,268 రూపాయలు. అందులో ఇంటి నుంచి రాసుకుపోయిన చీటీలో ఉన్న సరుకులకు అయినది 2,628. అవే సరుకులు సేటు దగ్గర 2,848. అంటే నిజమైన ఆదా 220. అందులోంచి నా బస్సు టికెట్టు, పెద్ద దుకాణం నుంచి బస్టాండుకు ఆటో, అందరికీ చాయ్, మిర్చి బజ్జీలు కలిపి 190 తీసేయండి. మిగిలినది 30 రూపాయలు. ఇక చీటీలో లేకుండానే సంచిలోకి వచ్చిన సరుకుల ఖరీదు 640. వాటిలో మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల జత ఒకటి, ఒకటి కొంటే ఒకటి ఉచితమైన బిస్కెట్లు, కాళ్ళు తుడుచుకునే పట్టా, ఇంకా ఒక సీసా. ఆ సీసాలోని ద్రవం దేనికి పనికివస్తుందో ఈ వ్యాసం రాసేనాటికి కూడా మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

ఈ 640 పాపం మా ఆవిడ మీద వేద్దామని నా మనస్సు ఉవ్విళ్ళూరింది కాని, బిస్కెట్లూ సీసా నేను వేసినవే. వేసిన చెయ్యి నాదే అయినా, వేయించినది దుకాణం కట్టిన తీరు. బియ్యం, పప్పు, ఉప్పు వంటి తప్పనిసరి సరుకులు ఎప్పుడూ లోపలికి ఉంటాయి. వాటిని చేరాలంటే తక్కినవాటి మధ్య నుంచి నడవాలి. కంటి ఎత్తున ఉన్న అరలో లాభమెక్కువ ఉన్న సరుకు ఉంటుంది. చవక సరుకు కోసం వంగాలి. పైసలిచ్చేచోట వరసలో నిలబడితే పిల్లల చేతికందే ఎత్తున చాక్లెట్లు. ఇక 99 రూపాయల సంగతి మన వాళ్ళకు కొత్తది కాదు. బాటా కంపెనీవారు ఎన్నో దశాబ్దాలుగా చెప్పుల మీద 95 పైసల, 99 పైసల ధరలు వేసి "బాటా రేటు" అనే మాటనే మనకు ప్రసాదించారు.

ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నది మాత్రం పరాయి తెలివి అనుకోవద్దు. మన కొసరు ఏమిటి మరి? వంకాయలు తూచాక మరో రెండు వేయించుకోనిదే అంగడిలో ఏ తల్లీ కదలదు. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అనలేదు. కాకపోతే ఒక తేడా ఉన్నది. అంగడిలో కొసరు కొలత అయిన తర్వాత వస్తుంది, అడిగినవాళ్ళకు వస్తుంది. ఇక్కడ కొసరు ముందే ధరలో కలిసి వస్తుంది. రెండు కావలసినవాడికి అది లాభమే. ఒకటే చాలుననుకునేవాడికి ఆ రెండవది కొసరు కాదు, బరువు.

నా లెక్క విని మా ఆవిడ నొచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ పదో తరగతిలో లెక్కల్లో నూటికి తొంభై రెండు తెచ్చుకున్న మనిషి. ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, "తప్పు దుకాణానిది కాదు, పోయిన తీరుది. మళ్ళ చూద్దాం," అన్నది. ఆ తర్వాత ఆవిడ నేర్చుకున్నవి చూస్తే నేను నేర్పే ఛందస్సు చాలా సులువనిపిస్తుంది.

మొదటి పాఠం, పొట్లం మీద పెద్ద అక్షరాలు వదిలి చిన్న అక్షరాలు చదవటం. 2021లో సవరించిన నిబంధనలు అమలులోకి వచ్చాక పొట్లం మీద మొత్తం ధరతోపాటు గ్రాముకు ఎంత పడిందో కూడా వేస్తున్నారు. కిలోకు మించిన సరుకైతే కిలోకు ఎంతో వేస్తారు. చత్వారం ఉన్నవారు కళ్ళజోడు మరిచిపోతే ఈ హక్కు దండుగ. ఆవిడ అట్లా చదివి కనిపెట్టినది ఏమిటంటే, పెద్ద పొట్లం ఎప్పుడూ చవక కాదు. పళ్ళపొడి గొట్టం 100 గ్రాములది 62 రూపాయలు, పక్కనే 200 గ్రాములది 130 రూపాయలు. గ్రాముకు మొదటిది 62 పైసలు, రెండవది 65. పెద్దది కదా చవకగా ఉంటుందని అందరూ రెండవదే వేసుకుంటున్నారు. ఐదు రూపాయలకూ పది రూపాయలకూ అమ్మే చిన్న పొట్లాలది మరో మాయ. వాటి ధర ఏళ్ళ తరబడి కదలదు. లోపలి గ్రాములు మాత్రం వేసవి చెరువులా తగ్గుతూ పోతాయి.

రెండవ పాఠం పన్నుల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, తలనూనె, పళ్ళపొడి గొట్టాల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. నూరు రూపాయల సరుకు పన్నుతో 118 ఉండేది, 105కు రావాలి. పాత సరుకు మీద కొత్త ధర చీటీలు అంటించుకోవటానికి వీలిచ్చారు. పండుగ రోజుల్లో అట్లాంటి సరుకు ముందు నిలబడి మా ఆవిడ అచ్చయిన పాత ధరనూ అంటించిన చీటీనీ మార్చి మార్చి చూసి, "ఈ 13 రూపాయలు దుకాణపోడు తగ్గించింది కాదు," అన్నది. నిజమే. సర్కారు వదిలిన పన్నును తన ధర్మంలాగా చూపెట్టేవాడికీ, పెళ్ళివారి గంధం పూసి పేరు కొట్టేసే పేరంటాళ్ళకూ తేడా లేదు.

తక్కినవి చిన్న విషయాలు. ఆకలి మీద పోరాదు, పిల్లలను తీసుకుపోరాదు, సంచి మనదే పట్టుకుపోవాలి, గడువు తేదీ వెనక్కి తిప్పి చూడాలి. ఎమ్మార్పీకి మించి ఎవరైనా వసూలు చేస్తే 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. వినియోగదారుల కోసం కేంద్రంవారు పెట్టిన సహాయ కేంద్రం అది. మా ఆవిడ పెట్టుకున్న అసలైన నియమం మరొకటి. పాడుకాని సరుకులే అక్కడ కొనటం, అవి కూడా రెండు నెలలకు ఒకమారు. సబ్బులు, బట్టల పొడి, గిన్నెల సబ్బు, పళ్ళపొడి గొట్టాలు. కందిపప్పు మాత్రం అక్కడ కొనదు. కందులు పండే జిల్లాలో ఉండి ప్లాస్టిక్ సంచిలో మెరుగుపెట్టిన పప్పు కొనుక్కోవటం నామోషీ అంటుంది.

తగ్గింపుల కథ బట్టల దగ్గరికి వచ్చేసరికి మరింత రంజుగా ఉంటుంది. మన తెలుగుదేశంలో ఆషాఢమాసానికి ఉన్నంత వ్యాపార ప్రతిష్ఠ మరే మాసానికీ లేదు. ముహూర్తాలు ఉండవు, కొత్త కోడళ్ళు పుట్టింట ఉంటారు, బట్టల దుకాణంవారు ఈగలు తోలుకుంటారు. ఊరికే కూర్చుని ఏం లాభమని పాత సరుకు వదిలించుకోవటానికి తగ్గింపులు పెట్టారు. ఇప్పుడు ఆషాఢం కోసమే జనం ఎదురు చూస్తున్నారు. పట్నంలో చీరలను కూరగాయల్లాగా కిలోల లెక్కన తూచి అమ్మటం కూడా చూశాను.

కొన్నేళ్ళ కిందట ఆషాఢంలోనే మా అమ్మ పట్నంలో ఒక దుకాణంలో "అసలు పోచంపల్లి, సగం ధర" అంటే ముచ్చటపడి ఒక చీర కొన్నది. పోచంపల్లి మా పాత నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. దేశంలో తొలినాళ్ళలో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకులలో అక్కడి ఇక్కత్ ఒకటి. మగ్గం మీద ఆ బట్ట నేయాలంటే ముందు నూలును గుత్తులు గుత్తులుగా కట్టి, రంగులలో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, నేతలోకి దిగేసరికి పువ్వు పువ్వుగా కుదిరేట్టు చూసుకోవాలి. రంగు నూలులోనే ఉంటుంది కనుక బట్టకు ఇటూ అటూ ఒకే తేటగా కనిపిస్తుంది. మా చుట్టపావిడ ఒకామె చీర చెంగు తిరగేసి చూసి, "అక్కా, ఇది అచ్చు వేసింది," అన్నది. వెనకవైపు పువ్వులు వెలిసినట్టున్నాయి. సగం ధర అన్నారుగదా, నిజానికి ఆ అచ్చు చీరకు అది రెండింతల ధర. తగ్గింపు మీద తిరిగి తీసుకునేది లేదని బోర్డు కూడా ఉన్నదట. అమ్మ ఆ చీర ఇప్పటికీ కడుతుంది గాని పెళ్ళిళ్ళకు కాదు.

ఇంతకూ నన్ను పట్టుకుని వదలని ప్రశ్న మరొకటి ఉన్నది. మోసం లేని మంచి తగ్గింపు దుకాణం కూడా ఉంటుంది. అదే సబ్బును మా సేటు కంటే నాలుగైదు రూపాయలు తక్కువకు ఇస్తుంది. ఆ నాలుగైదు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

దీనికి పాత జవాబు ఇంగ్లండులో ఉన్నది. 1844లో రాచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో 28 మంది పనివాళ్ళు తలా కొంత వేసుకుని ఒక దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తుల వంటివి అమ్మారు. కల్తీ లేదు, తూకంలో దొంగతనం లేదు. వాళ్ళు పెట్టుకున్న కఠిన నియమాలలో ఒకటి, రొక్కమిచ్చినవాడికే సరుకు. అప్పు బేరం లేదు. సభ్యులలో ఎంతో పేదవాళ్ళున్నా ఆ నియమం వదల్లేదు. మన దక్షిణాదిన 1904లో మద్రాసు తిరువల్లిక్కేణిలో పుట్టిన సహకార సంఘం ఆ బాటలోదే. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి ధరలు మండిపోయినప్పుడు ఢిల్లీలో సర్కారువారు సూపర్ బజార్ తెరిచినదీ ఆ ఆలోచనతోనే.

మన కాలంలో 2002లో ముంబయిలో రాధాకిషన్ దమానీగారు మొదలుపెట్టిన డీమార్ట్ నడక చూస్తే మళ్ళీ అదే రొక్కం కనిపిస్తుంది. చాలా దుకాణాలు సొంత భవనాలలోనే పెట్టుకున్నారు, అద్దెల బాధ తక్కువ. సరుకు ఇచ్చిన కంపెనీలకు నెలల తరబడి తిప్పకుండా కొద్ది రోజులలోనే డబ్బు కడతారు. అట్లా కట్టినందుకు వాళ్ళు ధర తగ్గిస్తారు, అందులో కొంత మనదాకా వస్తుంది. 2017 మార్చిలో ఆ కంపెనీ వాటాలు 299 రూపాయలకు ఇస్తే మొదటి రోజునే రెట్టింపుకు పలికాయి. రొక్కం ఆడకపోతే ఏమవుతుందో చూడాలంటే సుభిక్ష ఉన్నది. 1997లో చెన్నైలో చిన్నగా మొదలై దేశమంతటా దాదాపు 1,600 దుకాణాలదాకా పాకింది. సరుకులవాళ్ళకూ జీతగాళ్ళకూ కట్టటానికి చేతిలో డబ్బు లేక 2009లో మూతపడింది. 2001లో బయలుదేరి 2006 నుంచి గణతంత్ర దినాన చవక ధరల జాతర చేసిన బిగ్ బజార్ కూడా అప్పుల్లో మునిగి 2022లో కనుమరుగైంది.

ఈ పాఠమంతా నాకు పుస్తకాల్లో కంటే ముందు మా సేటు దగ్గర అర్థం కావలసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నేను మరొక కాలేజీలో పనిచేస్తుండేవాణ్ణి. ఏప్రిల్ నుంచి జీతం లేదు. పాఠాలు లేనప్పుడు జీతమెక్కడిదన్నారు. ఇంట్లో అమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నేను మొహం చెల్లక దుకాణం వైపు పోవటం మానేస్తే, ఒకనాడు సేటే పిల్లవాడి చేత బియ్యం సంచి, నూనె, పప్పు పంపించాడు. ఏడు నెలలు అట్లా నడిచింది. ఖాతాలో 38 వేలు దాటింది. ఒక్కనాడు అడగలేదు. తర్వాత ఈ కాలేజీలో చేరి, నెలకు కొంత చొప్పున కడితే తీరటానికి రెండేళ్ళు పట్టింది. వడ్డీ పేరున ఒక్క రూపాయి రాయలేదు.

తగ్గింపు దుకాణానికి పోవటం అలవాటయ్యాక మా ఇంట్లో మాకు తెలియకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. నెల మొదట జీతం రాగానే రొక్కం నల్లగొండలో ఖర్చు. ఇరవయ్యో తేదీ దాటాక ఏది తక్కువైనా సేటు దగ్గర ఉద్దెర. ఒకనాడు సాయంత్రం నూనె పాకెట్టు తీసుకుని "రాసుకో సేటూ" అన్నాను. ఆయన పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, రాయకుండా ఆగాడు.

"సారూ, తప్పుగ అనుకోకుండ్రి. రొక్కమంత నల్లగొండల, ఉద్దెర నా తాననా?"

కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు అడిగాడు. అంతకు ముందు నెలల్లో ఆ బిల్లు పట్టుకుపోయి ఆయన ధరలన్నీ రాసుకున్న మనిషిని నేనే. మీరు ఇన్నిన్ని రూపాయలు పిరం అని ఆయన ఎదుటే లెక్క తేల్చినవాణ్ణి. ఆయన ధరలోని ఆ నాలుగైదు రూపాయలలో నా ఏడు నెలల బియ్యం ఉన్నదని ఆ లెక్కలో వేసుకోలేదు.

ఇంటికి వచ్చి చెపితే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఇన్నేండ్ల సంది, రొక్కమిస్తే ఎంతకిస్తవని సేటును ఎప్పుడన్న అడిగిండ్రా?"

అడగలేదు. మా నాన్న అడగలేదు, నేను అడగలేదు. ఖాతా ఉన్న ఇంట్లో రొక్కం ధర అడగటమన్నది ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఆవిడే పోయింది. నేను వెనక నిలబడ్డాను. ఇద్దరూ బల్ల మీద చీటీ పెట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు. సేటు చెప్పినదాన్నిబట్టి, ఆయనకు సరుకు వేసే వాళ్ళు కూడా రొక్కమిస్తే ఒక ధర, వారం ఆగితే ఒక ధర చెపుతారు. పెద్ద కంపెనీల సబ్బుల మీద ఆయనకు మిగిలేది నూటికి పది రూపాయల లోపే. అందులోనే కరెంటు, పిల్లవాడి జీతం, ఎగ్గొట్టిపోయిన ఖాతాలు. సబ్బుల్లో నల్లగొండ ధరకు తాను ఇవ్వలేనని ఒప్పుకున్నాడు. "అవి ఆడనే తెచ్చుకోండ్రి అమ్మా, నాకేం బాధ లేదు," అన్నాడు. బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, ఎండుమిరపకాయలు మాత్రం నెల మొదటి వారంలో రొక్కమిచ్చి ఒక్కసారే తీసుకుంటే ధర వేరని, చీటీ మీద ఒక్కొక్కదాని పక్కన కొత్త అంకె వేశాడు. కూడి చూస్తే ఖాతా ధర కంటే 170 రూపాయలు తక్కువ వచ్చింది. బస్సు లేదు, ఆటో లేదు, మిర్చి బజ్జీలు లేవు.

ఊళ్ళో అందరూ ఇట్లా చేయగలరని నేననను. ఉపాధి పనుల డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియని ఇల్లు, పత్తి అమ్మితే తప్ప చేతిలో రూపాయి ఆడని ఇల్లు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్ళకు జీరో టికెట్టు ఉన్నా, దిగినచోట ఇవ్వటానికి రొక్కం లేదు. అందరిలోకీ పిరం ధర ఇచ్చి కొనేది వాళ్ళే, కొనేదీ పావుకిలో చొప్పున. సేటు దుకాణం మూతబడితే వాళ్ళకు ఆ పిరం ధర కూడా ఉండదు.

మొన్న ఒకటో తేదీన సరుకులన్నీ కట్టించాక మా ఆవిడ సేటును ఒక మాట అడిగింది. పెద్ద దుకాణంలో బిల్లు అడుగున ఎంత ఆదా అయిందో రాసి ఇస్తారు, నువ్వూ రాసివ్వరాదా అని. సేటు నవ్వి, క్యాలెండరు వెనక కాగితం మీద కూడిన మొత్తం కింద గీత గీసి, కాసేపు ఆలోచించి "బాకీ లేదు" అని రాసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకున్నది.

ఇంటికి వచ్చి సంచి విప్పితే పసుపు లేదు. చీటీలో రాయటం మరిచిపోయిందట. మా చిన్నవాణ్ణి మళ్ళీ దుకాణానికి తోలింది, చేతిలో చిల్లర పెట్టి.